తాత విల్లుకు పురుగు పట్టింది, కాపాడుకునే దారి చెప్పండి. అలాంటిది మళ్ళీ చేయడం కుదురుతుందా?

నల్లమల తమ్ముడు:

అందరికీ నమస్తే. మాది అమ్రాబాద్ అడవి లోపల ఒక చెంచు పెంట, అంటే మా చెంచుల చిన్న ఊరు. నేను హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తా, నెలకోసారి ఇంటికి పోతా. మా తాత పోయి ఆరేళ్ళయింది. ఆయన విల్లు, బాణాలు అప్పటి నుంచి గుడిసె చూరులో చెక్కి అలాగే ఉన్నాయి, ఎవరూ ముట్టలేదు. పోయిన నెల కప్పు విప్పి కొత్త గడ్డి వేస్తుంటే కిందికి దించాం. చేతిలోకి తీసుకోగానే అరచేతికి పసుప్పచ్చ పొడి అంటింది, గోధుమపిండిలా మెత్తగా. వెలుతురులో పెట్టి చూస్తే ఒక కొస నుంచి జానెడు మేర గుండుసూది దూరేంత బొక్కలు, ముప్పై దాకా లెక్కపెట్టి ఇక లెక్కపెట్టలేకపోయాను. నేల మీద మెల్లగా తడితే ప్రతిసారీ ఇంకాస్త పొడి రాలుతోంది.

నారి ఎప్పుడో తెగిపోయింది, ముక్క కూడా లేదు. బాణాలు నాలుగున్నాయి. రెండిటికి ఇనుప ములికి ఉంది, ఒకదానికి ఊడిపోయింది, ఇంకోదానికి అసలు ములికే లేదు, కొస లావుగా మొద్దుగా ఉంది. అది విరిగిందా లేక అలాగే చేశారా అన్నది నాకు తెలియదు. విల్లు మధ్యలో తాత చెయ్యి పట్టిన చోట మాత్రం వెదురు నల్లగా నున్నగా అయిపోయి అద్దంలా మెరుస్తోంది, అక్కడ ఒక్క బొక్క కూడా లేదు. అది చూసి ఏడుపొచ్చేసింది.

నేను అడగాల్సినవి మూడు. ఈ పురుగును ఎలా ఆపాలి? దీన్ని చూసి ఇలాంటిదే ఇంకోటి చేయాలంటే ఏ వెదురు, ఎప్పుడు కొట్టాలి, ఎలా చేయాలి? మూడోది, దీన్ని హైదరాబాద్ తీసుకుపోయి నా రూంలో పెట్టుకోవాలని ఉంది, దారిలో చెక్‌పోస్ట్ ఉంది కదా, ఏమైనా అంటారా? మా నాన్న ఫారెస్ట్ బేస్ క్యాంపులో వాచర్, ఆయన ఉద్యోగానికి నా వల్ల మాట రాకూడదు, అదే టెన్షన్. వేటకోసం అడగడం లేదు, ఆ విషయంలో ఎవరికీ అనుమానం వద్దు.

సాధనవెదురు:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ పాత విల్లుకు నారి కట్టి వంచి చూడాలని నీకు అనిపిస్తుంది, దయచేసి ఆ పని చేయకు. లోపల పురుగు తిని గుల్ల చేసిన వెదురు పైకి బాగానే కనిపిస్తుంది, వంచిన మరుక్షణం ఫట్‌మని రెండు ముక్కలవుతుంది, ఆ చీలిక మొహానికే తగులుతుంది. నేను ఇరవై ఏళ్ళుగా వెదురు పని చేస్తున్నా, ఒకసారి నా కంటి పక్కన తగిలిన మచ్చ ఇంకా ఉంది.

అది పిండి పురుగు. వెదురులో ఉండే పిండి పదార్థం కోసం వస్తుంది, చిన్న నల్లటి పెంకు పురుగు, వడ్ల గింజలో సగం కూడా ఉండదు. బొక్క కనిపించిందంటే లోపల పెరిగి బయటికి వచ్చేసిందని అర్థం, లోపల ఇంకా పిల్లలు ఉండొచ్చు. పొడి ఇంకా రాలుతోంది అంటున్నావు కాబట్టి ఉన్నాయనే అనుకో. మ్యూజియంల వాళ్ళు చేసే పద్ధతి ఏమిటంటే గాలి పోకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గాలంతా నొక్కేసి, బాగా చల్లగా ఉండే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచడం. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు, లోపలి చలి పూర్తిగా పోయేదాకా ఒక రోజంతా అలాగే ఉంచాలి, లేకపోతే తేమ పడుతుంది. విల్లు ఇంట్లో ఫ్రిజ్‌లో పట్టదు కానీ ఐస్‌క్రీమ్ స్టాక్ పెట్టే పెద్ద ఫ్రీజర్ ఉన్న షాపు వాడు తెలిసినవాడైతే అడుగు, తాత వస్తువని చెబితే కాదనడు.

అది కుదరకపోతే లీటరు గోరువెచ్చని నీళ్ళలో 30 గ్రాముల బోరాక్స్, 20 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, సిరంజితో ఒక్కో బొక్కలోకి ఎక్కించు, పైన తడి గుడ్డతో అద్దు. నీడలో ఆరనివ్వు. ఎండలో పెడితే పగులుతుంది. ఆ నీళ్ళు పిల్లలకు, మేకలకు అందకుండా చూసుకో, కడుపులోకి పోతే విషం. చెయ్యి పట్టి నల్లబడిన చోట మాత్రం ఏదీ రాయొద్దు, వార్నిష్ అసలే వద్దు. ఆ నునుపు ఆయన చేతి చెమట, జిడ్డు పట్టి వచ్చింది, దాని మీద వార్నిష్ పడితే మళ్ళీ రాదు.

ఇంకొక్కటి అడుగుతా. ఇన్నేళ్ళు పట్టని పురుగు ఇప్పుడెందుకు పట్టింది? ఆ గుడిసెలో పొయ్యి వెలిగించడం ఎప్పుడు ఆపేశారు?

నల్లమల తమ్ముడు:

అన్నా, నువ్వు అడిగాక గుర్తొచ్చింది. తాత పోయిన ఏడాదే పక్కన స్లాబ్ ఇల్లు వచ్చింది, గ్యాస్ కూడా వచ్చింది, వంట అక్కడికి మారింది. పాత గుడిసెలో ఇప్పుడు కట్టెలు, తట్టలు పెడుతున్నారు. పొయ్యి లేదు.

సాధనవెదురు:

అదే కారణం తమ్ముడూ. చూరులో చెక్కడం అంటే వస్తువును ఒక మూలన పారేయడం కాదు, కింద పొయ్యి ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టేవాళ్ళు. రోజూ పొగ తగిలి వెదురు ఎండిపోతుంది, మసి పట్టి పురుగు దగ్గరికి రాదు. మొక్కజొన్న కంకులు, విత్తనాల కాయలు పొయ్యి పైన వేలాడదీసేదీ అందుకే కదా. పొగ ఆగిపోయింది, ఆరేళ్ళ వానల తేమ పట్టింది, పురుగుకు తలుపు తెరిచినట్టయింది.

గూడెం అన్న:

తమ్ముడూ, మాది శ్రీశైలం వైపు గూడెం, మనం మనం ఒకటే. మా నాయన దగ్గర కూర్చుని చిన్నప్పుడు చూసింది, తర్వాత నా చేత్తో ఒకటి చేసింది చెబుతా. మీ వైపు పద్ధతి కొంచెం తేడా ఉండొచ్చు, మీ పెంటలో పెద్దమనుషులను అడుగు, బతికున్నవాళ్ళను అడగడం ముఖ్యం.

ముందు వెదురు. మన అడవిలో రెండు రకాలు. వాగుల వెంట పెద్ద పెద్ద పొదలుగా పెరిగే ముళ్ళ వెదురు, లోపల బోలు, లావు గడలు. గుట్టల మీద రాళ్ళలో పెరిగే సాధన వెదురు, సన్నం, కానీ లోపల గట్టి, కొన్ని గడలైతే బొక్కే ఉండదు. విల్లుకు ఆ గుట్ట వెదురే కావాలి. అదే వెదురు మంచి నేలలో, తడిలో పెరిగితే బోలుగా అయిపోతుంది, అందుకే మా నాయన గుట్ట ఎక్కకుండా కింద దొరికింది ఏదీ ముట్టేవాడు కాదు.

గడ వయసు చూడాలి. ఈ ఏటి గడ పచ్చగా మెరుస్తూ, పైన తెల్లటి పొడి రాసినట్టు, కణుపుల దగ్గర పొట్టు అంటుకుని ఉంటుంది. అది వంచితే వంగినట్టే ఉండిపోతుంది, తిరిగి రాదు. మూడేళ్ళు దాటిన గడ మెరుపు తగ్గి, అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు పడి ఉంటుంది. కత్తి వెనక వైపుతో కొడితే లేతదానికి డబ్‌మని వస్తుంది, ముదిరిందానికి టంగ్‌మని వస్తుంది. ఒకసారి రెండూ పక్కపక్కన కొట్టి వింటే జన్మలో మర్చిపోవు.

వానాకాలంలో కొట్టకూడదు, అప్పుడు కొత్త పిలకలు వేస్తుంటుంది, గడలో నీరు ఉంటుంది. చలి తిరిగాక కొట్టాలి. అమావాస్య ముందు కొడితే పురుగు పట్టదని మా పెద్దోళ్ళు అంటారు. నేను వాళ్ళ మాట తీసేయను కానీ, నా అనుభవంలో కాలం చూసి కొట్టడం, కొట్టాక పది పదిహేను రోజులు పారే వాగులో నానబెట్టడం ఇవి రెండూ ఎక్కువ పనిచేశాయి. నానబెడితే ఆ పిండి నీళ్ళలో పోతుంది, నీళ్ళు వాసన కూడా వస్తాయి. ఆ తర్వాత నీడలో నెలన్నర, రెండు నెలలు.

ఇప్పుడు చెక్కడం. పూర్తి గడ వాడరు, నిలువుగా చీల్చి బద్ద తీస్తారు. పైన తోలు వైపు ఉన్న నార చాలా బలం, లాగినా తెగదు. లోపలి వైపు మెత్తన. అందుకే తోలు వైపు నీకు అవతలగా, వేటవైపు ఉండేలా, లోపలి వైపు నీ పొట్టవైపు ఉండేలా పట్టుకోవాలి. చెక్కేది అంతా లోపలి వైపే, తోలు మీద కత్తి పెట్టకూడదు, కణుపు దగ్గర ఎత్తుగా ఉంటే కొద్దిగా నున్నగా చేస్తే చాలు. నేను మొదటిసారి అందంగా ఉంటుందని తోలంతా గీకేశా. మా నాయన ఏమీ అనలేదు, తీసుకుని మోకాలికి ఆనించి వంచాడు, గీకిన చోట పోచలు పోచలుగా లేచిపోయింది. అది పక్కన పెట్టి "ఇంకోటి తీసుకురా" అన్నాడంతే. మళ్ళీ గుట్ట ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం అయింది.

మధ్యలో మందం, కొసలకు పోయేకొద్దీ సన్నం. కొంచెం గీకడం, వంచడం, దూరం పెట్టి చూడటం. రెండు కొసలూ సమానంగా వంగాలి. ఒకవైపు గట్టిగా ఉంటే ఆ వైపే కొంచెం గీకాలి, ఎక్కువ గీకితే ఇక చేసేదేమీ లేదు. ఈ పనికి తొందర పనికిరాదు, మా నాయన ఒక విల్లుకు రెండు మూడు రోజులు తీసుకునేవాడు, మధ్యలో లేచి బీడీ తాగి వచ్చి మళ్ళీ కొత్త కళ్ళతో చూసేవాడు. చివర్లో సన్న మంట సెగ చూపించి సరిచేసి, పని లేనప్పుడు నారి ఒక కొస విప్పి పెట్టాలి. ఎప్పుడూ బిగించి ఉంచితే విల్లు అలసిపోతుంది.

నారి మేం ఆరె చెట్టు నారతో పేనేవాళ్ళం, ఇప్పుడు అందరూ నైలాన్ తాడే. బస్తర్ వైపు చూశా, అక్కడ నారి కూడా వెదురే. తోలు వైపు నుంచి సన్నటి పట్టీ తీసి రెండు కొసల్లో నారతో ముడి వేస్తారు. వానలో తడిసినా సాగదు, చూస్తే ముచ్చటేసింది.

నీ మొద్దు బాణం విరిగింది కాదు తమ్ముడూ. అది పిట్టల బాణం. మొన ఉంటే పిట్ట చీలిపోతుంది, బాణం పోయి కొమ్మకు దిగి అక్కడే ఉండిపోతుంది. మొద్దుదైతే తగిలి కిందపడుతుంది, బాణం కూడా దొరుకుతుంది. దాన్ని జాగ్రత్తగా పెట్టుకో, ఇప్పుడు అలాంటివి చాలా తక్కువ.

కర్నూలు లాయర్:

మూడో ప్రశ్నకు నేను చెబుతాను, కొంచెం ఓపిగ్గా చదువు తమ్ముడూ.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే తుపాకీ, కత్తి, వల, ఉచ్చులతో పాటు విల్లు, బాణాలు కూడా రాసి ఉన్నాయి. అదే చట్టం 31వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధికారం ఉన్న ఆఫీసర్ దగ్గర ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మీ గుడిసెలో ఉన్న తాత వస్తువు బయటికి తేవడం వేట కాదు, నిజమే. కానీ చేతిలో పట్టుకుని బైక్ మీద చెక్‌పోస్ట్ దాటితే ఎవరైనా ఆపి అడిగితే తప్పు పట్టలేం. కాబట్టి మీ నాన్నగారి ద్వారా రేంజ్ ఆఫీస్‌లో ముందే చెప్పి, ఒక తెల్లకాగితం మీద రాసి, విల్లు ఫోటోలు జత చేసి, కాపీ మీద ముద్ర వేయించుకో. నారి లేకుండా, బాణాలు వేరే కట్టగా గుడ్డలో చుట్టి తీసుకురా. దాచి తెస్తేనే అనుమానం వస్తుంది.

వేట మాటకొస్తే, 2006 అటవీ హక్కుల చట్టం చాలా సంప్రదాయ హక్కులు ఇచ్చింది కానీ వేటాడే, ఉచ్చులు వేసే హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. టైగర్ రిజర్వ్ కోర్ ఏరియాలో వేటాడితే 3 ఏళ్ళకు తక్కువ కాకుండా జైలు. దేశం మొత్తం మీద వన్యప్రాణి చట్టం వేట హక్కును విడిగా కాపాడింది నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకే, 65వ సెక్షన్‌లో. నువ్వు వేట కోసం కాదన్నావు, నమ్ముతున్నాను. కానీ చదివేవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి చెప్పడం నా బాధ్యత.

వెదురు విషయం వేరు. అటవీ హక్కుల చట్టంలో వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి, సేకరించుకునే హక్కు మీకు ఉంది, అభయారణ్యాల్లో కూడా ఆ చట్టం వర్తిస్తుంది. మీ గ్రామసభకు ఆ హక్కు పత్రం వచ్చిందో లేదో కనుక్కో. లేకపోతే గొడవెందుకు, బయట రైతు పొలం గట్టు మీద పెంచిన వెదురు తెచ్చుకో. 2017లో కేంద్ర అటవీ చట్టం సవరించాక అడవి బయట పెంచిన వెదురు ఆ చట్టంలో చెట్టు కింద లెక్కకు రాదు, మీ రాష్ట్రంలో పర్మిట్ సంగతి మాత్రం ఒకసారి కనుక్కో.

నెమలి ఈక ఉందా బాణాలకు? రాలిన తోక ఈకలకు మన దేశంలో మినహాయింపు ఉంది, భయపడకు.

గూడెం అన్న:

లాయర్ గారూ, పొలం గట్టు వెదురు నీళ్ళు తాగి పెరిగింది, విల్లుకు నిలవదు అని పైన చెప్పాను. మీరు చెప్పింది చట్టం, కాదనను. మాకున్న ఇబ్బంది ఏంటంటే, గుట్ట మా కళ్ళ ముందే ఉంటుంది, గడ కొట్టాలంటే కాగితం కావాలి. బాణాలకు, బుట్టలకు, చాటలకు పొలం వెదురు పర్వాలేదు. విల్లుకు ఒక్క గడ చాలు, ఆ ఒక్క గడకు పర్మిషన్ అడుగు తమ్ముడూ, మీ నాన్న వాచర్ కాబట్టి మంచిమాటతో అడిగితే ఇస్తారు.

ఏరుగట్టు:

విల్లు గురించి అందరూ చెబుతుంటే నాకు మా అమ్మమ్మ చేపల బుట్ట గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోయా. మేం కొండరెడ్లం, గోదావరి ఒడ్డున పాపికొండల దగ్గర ఉండేవాళ్ళం, ఊరు ముంపులోకి వెళ్ళాక కాలనీకి వచ్చాం. వెదురుతో వేట అంటే అందరూ విల్లంబు అనుకుంటారు, మా ఆడవాళ్ళ వేట అంతా వాగులో. సన్నటి వెదురు ఈనెలు వరసగా అల్లి పొడుగ్గా బుట్ట చేస్తారు, నోటి దగ్గర ఇంకో చిన్న గరాటు లాంటిది లోపలికి తిప్పి కడతారు, దాని ఈనెల మొనలు లోపలి వైపు చూస్తుంటాయి. చేప వస్తుంది, ఈనెలు పక్కకు జరిగి దారి ఇస్తాయి, తిరిగి పోదామంటే అవే మొనలు ఎదురు పొడుచుకుంటాయి. సాయంత్రం రాళ్ళు అడ్డం పేర్చి నీటివాలుకు పెట్టి వస్తే పొద్దున తీసుకోవడమే. ఈనెకూ ఈనెకూ మధ్య సందు మా అమ్మమ్మ చిటికెన వేలు కొస పెట్టి కొలిచేది. వేలు కొస దూరాలి, అప్పుడు చిన్న పిల్లలు బయటికి పోతాయి అనేది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కొల్లేరు వైపు మావులు అని పెడతారు చూడండి, వాటి కీలకం కూడా ఇదే. కాలనీలో ఇప్పుడు వాగు లేదు, వెదురు కొనుక్కోవాలి. అమ్మమ్మకు ఎనభై దాటాయి, చేతులు వణుకుతున్నాయి. పోయిన వేసవిలో పక్కన కూర్చుని నేను అల్లుతుంటే ఆమె కళ్ళతోనే తప్పులు చెప్పింది. మూడుసార్లు విప్పి మళ్ళీ అల్లా. తమ్ముడూ, మీ పెంటలో విల్లు చేయడం తెలిసినవాళ్ళు ఒక్కరున్నా, వెదురు దొరికేదాకా ఆగకుండా ఇప్పుడే వెళ్ళి కూర్చుని ఫోన్‌లో వీడియో తీసుకో.

పాడేరు బాబు:

మా వైపు ఇటుకల పండగకు మగవాళ్ళు ఊరంతా కలిసి విల్లంబులతో అడవికి పోయే ఆచారం. ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు. ఇప్పుడు దొరికేదేమీ లేదు, చాలామంది ఊరి పొలిమేర దాకా పోయి వస్తున్నారు, అయినా విల్లు మాత్రం పూజకు బయటికి వస్తుంది. మీ వైపు అహోబిలం పార్వేట ఉత్సవంలో చెంచులు బాణం వేసే ఆచారం ఉంది కదా, ఆ విల్లు పట్టే ఇళ్ళవాళ్ళను అడిగినా పని తెలిసినవాళ్ళు దొరుకుతారు.

ఇంకొకటి, పిల్లలు రబ్బరు కట్టి ఆడుకునే ఉండేలు అన్న మాట ఉంది చూడండి, అసలు ఉండేలు అంటే మట్టి ఉండలు వేసే వెదురు విల్లే. నారి రెండు పోగులు, మధ్యలో చిన్న జల్లి లాంటిది, అందులో ఎండిన మట్టి ఉండ. మా తాత దానితో జొన్నచేలో చిలకలను తోలేవాడు.

సాధనవెదురు:

కొలతలకు ఇంకో దారి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో నెహ్రూ సెంటినరీ ట్రైబల్ మ్యూజియం ఉంది, శ్రీశైలంలో చెంచులక్ష్మి ట్రైబల్ మ్యూజియం ఉంది. అక్కడ పెట్టిన వస్తువులు చూసి నీ తాత విల్లుతో పోల్చుకో. 1940లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త నల్లమలలో చెంచుల మధ్య ఉండి ఫోటోలు తీశాడు. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీ దగ్గర ఉన్నాయి, ఆన్‌లైన్‌లో వెతికితే కనిపిస్తాయి. విల్లు పట్టుకుని నిలబడిన మనుషులను చూస్తే విల్లు ఎంత పొడుగు ఉండాలో మనిషి ఒంటితో పోల్చుకుని అర్థమవుతుంది. ఎవరికి తెలుసు, మీ ముత్తాతే ఉండొచ్చు అందులో.

నల్లమల తమ్ముడు:

అన్నలకు, అక్కకు, లాయర్ గారికి దండాలు. మొన్న ఇంటికి పోయి వచ్చా, జరిగింది చెబుతా.

ఫ్రీజర్ కుదరలేదు, మా దగ్గర కరెంట్‌ను నమ్ముకోలేం. బోరాక్స్ నీళ్ళే సిరంజితో ఎక్కించా, ఒక మధ్యాహ్నం అంతా పట్టింది, ఒక బొక్కలో పోస్తే బెత్తెడు అవతల ఇంకో బొక్కలోంచి కారింది, అంత గుల్ల అయిపోయింది లోపల. ఒక కొస ఇక నిలవదు, సుతిలి చుట్టి పెట్టా. హైదరాబాద్‌కు తేవాలన్న ఆలోచన మానుకున్నా. మా మేనత్త ఇంకా కట్టెల పొయ్యి మీదే వండుతుంది, వాళ్ళ పొయ్యి పైన అటకలో తాళ్ళతో వేలాడదీశాం.

మొద్దు బాణం సంగతి మా మామకు చెప్తే చాలాసేపు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. ఆయన విల్లు చేసి పాతికేళ్ళయిందట, చేతకాదు పో అన్నాడు ముందు. సాయంత్రానికి ఆయనే వచ్చి, ఇప్పుడు చేసేదేముంది, వానలు పోనీ, చలికాలం గుట్టకు పోదాం, మీ నాయనతో ఆఫీస్‌లో ఒక గడకు అడిగించు అన్నాడు. నాన్న అడిగాడు. కాగితం రాసివ్వమన్నారు, రాసిచ్చాం, ఇంకా జవాబు రాలేదు. వీడియో మాత్రం తీశా అక్కా. వెదురు లేదు కదా, మామ ఒక కందికట్టె తీసుకుని కత్తి ఎటు పట్టాలో, ఎక్కడ ఆపాలో చూపించాడు, పద్దెనిమిది నిమిషాలు వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆపి కట్టెను కంటికి దగ్గర పెట్టి చూశాడు, అచ్చం తాత చూసినట్టే, ఒక కన్ను మూసి.

వచ్చే ముందు పొయ్యి పైన విల్లు కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా ఉంచా. పొద్దున చూస్తే దాని మీద మసి నలుసులు ఉన్నాయి, పసుపు పొడి లేదు. నెల తర్వాత మళ్ళీ పరిచి చూసి చెబుతా.